నా లాప్‌టాప్ గవాహీ చాలదు

మొన్న ఆదివారం అందరం కూర్చుని మందీ తింటుంటే మా భాయీజాన్ కొడుకు తన గోడు మొదలెట్టాడు. వాడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి సీ భాషలో ఎక్స్‌టెన్షన్ రాస్తున్నాడు. "చిచ్చా, నా లాప్‌టాప్‌లో బరాబర్ నడుస్తోంది. వేరే మెషీన్ మీద పడిపోతే గలతీ మెషీన్‌దే కదా?"

"కాదు బేటా, నీదే" అన్నాను. ఒకప్పుడు ఆ గలతీ నేనూ చేశాను.

మెమరీ అంటే వరసగా నంబర్లేసిన గళ్లు. ఎనిమిది బైట్ల సంఖ్య ఎనిమిదో ఎక్కం నంబరు దగ్గర మొదలవ్వాలి. దాన్నే అలైన్‌మెంట్ అంటారు. పళ్లేనికి నలుగురు కూర్చునే దావత్‌లో ఒకే ఇంటి నలుగురు రెండు పళ్లేలకు చీలిపోయారనుకోండి. ఇంటెల్ ప్రాసెసర్ చాలాసార్లు సబర్‌తో రెండుచోట్లా వడ్డిస్తుంది. స్పార్క్ ఒప్పుకోదు, బస్ ఎర్రర్ అంటూ ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది.

నేను రెండు డబుల్ సంఖ్యలతో 16 బైట్ల టైప్ తయారుచేశాను. క్రియేట్ టైప్‌లో అలైన్‌మెంట్ డబుల్ అని రాయడం మరిచాను. రాయకపోతే పోస్ట్‌గ్రెస్ నాలుగు బైట్ల అలైన్‌మెంటే చాలనుకుంటుంది. ఇంటెల్ మీద నెలల తరబడి ఏమీ కాలేదు. ఒక దోస్త్ స్పార్క్ మీద, ముందు ఇంటీజర్ కాలమ్ ఉన్న టేబుల్‌తో నడిపాడు. అంతే, పడిపోయింది.

పడింది ఒక్కడి కనెక్షనే కదా అనుకోకండి. ఎక్స్‌టెన్షన్ నడిచేది సర్వర్ లోపల. ఒక ప్రాసెస్ అలా చస్తే, ఉమ్మడి మెమరీ పాడైందేమోనని పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీకి దిగుతుంది. గలతీ నాది, సజా అందరికీ! పైగా డిక్లరేషన్‌లో ఒక్క మాట మారిస్తే సరిపోలేదు. డిస్క్ మీది పాత డేటా పాత లెక్కలోనే ఉంది. మొత్తం డంప్ తీసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

ఇంటెల్ మీదైనా పూర్తి భరోసా లేదు. క్యారెక్టర్ పాయింటర్‌ను డబుల్ పాయింటర్‌గా కాస్ట్ చేయడమంటే, "ఇది సరైన చోటే ఉంది" అని కంపైలర్‌కి వాదా చేయడమే. ఆ మాట నమ్మి అది వేగంగా నడిచే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు వాడితే, వాటిలో కొన్ని ఇంటెల్‌లోనూ క్రాష్ అవుతాయి.

అందుకే నా రాయ్ ఇది. మొదటి రోజే అలైన్‌మెంట్ రాయండి. షక్ ఉన్నచోట కాస్ట్ మానేసి మెమ్‌కాపీ వాడండి. చిన్న సైజులకు కంపైలర్ దాన్ని మామూలు లోడ్‌గానే మార్చేస్తుంది, ఖర్చు దాదాపు ఉండదు. జీసీసీలో, క్లాంగ్‌లో ఉన్న అలైన్‌మెంట్ శానిటైజర్‌తో పరీక్షించండి.

మావాడు కాసేపు చుప్‌గా తిన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెరిచాడు.