కందెన వెయ్యని బండి

"కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం" అన్న సామెతను ఇరవై యేళ్లుగా పిల్లలకు వివరించి చెబుతున్నాను. ఆ సంగీతం మా సొంత కారులోనే కచేరీ పెట్టినప్పుడు మాత్రం రెండు నెలలపాటు పోల్చుకోలేకపోయాను. పాఠం చెప్పేవాడి చెవులు అలాగే వుంటాయి కాబోలు!

మాది నల్లగొండ. మా చెల్లెల్ని ఇచ్చింది పాలమూరు. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మా పాతకారు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. మొన్న వానాకాలంలో ఒక వాగు కల్వర్టు మీదుగా పారుతుంటే, "మోకాలి లోతే గదా" అని దాటించాను. దాటించకూడదని ఇప్పుడు తెలిసింది. కొన్నాళ్లకు, నలభై కిలోమీటర్ల వేగం మించితే చాలు, ఎక్కడో తుమ్మెద రొద వినిపించసాగింది. అరవైకి అదే విమానం మోత. టైర్లు అరిగాయనుకున్నాను. రోడ్డు బాగులేదనుకున్నాను. చివరకు రేడియో గొంతు పెంచాను. రోగానికి అంతకంటె సులువైన మందు వుందా!

దసరాకు అందరం చెల్లెలింటికి బయలుదేరాము. మా ఆవిడా, పిల్లలూ వెనక. అమ్మ నా పక్కన. అమ్మకు ఎనభై యేళ్లు. మూడోసారి పిలిస్తే గాని పలకదు. చెప్పులు విప్పి, కాళ్లు కింద ఆనించి కూచున్నది. కొండమల్లేపల్లి దాటగానే నా భుజం తట్టింది.

"కొడుకా, నా కాళ్లకింద గీర మొత్తుకుంటున్నది. బండాపు."

"ఇది కారమ్మా, ఎడ్లబండి కాదు."

"ఏ బండైతేంది? గీర గీరనే గద!"

మా ఆవిడ వెనకనుంచి, "నేను నెలరోజులనుంచీ చెబుతూనే వున్నాను" అన్నది. ఇక ఆపక తప్పుతుందా? మెల్లగా దేవరకొండ చేరి, ఒక షెడ్డు ముందు నిలిపాను.

ఉస్తాదు కారును ఒకసారి నడిపి చూశాడు. గేరు తీసి వదిలినా మోత తగ్గలేదు గనుక అది ఇంజనుది కాదు. గతుకుల రోడ్డుమీదా, నున్నటి రోడ్డుమీదా ఒకే శ్రుతి గనుక టైరుదీ కాదు. స్టీరింగు కుడికి తిప్పినప్పుడు బరువంతా ఎడమ చక్రంమీద పడుతుంది. అప్పుడు మోత హెచ్చింది. అంటే జబ్బు ఎడమవైపు. జాకీమీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే టకటకమని ఆడింది. చక్రం తిప్పుతూ, "ఈ స్ప్రింగుమీద చెయ్యి పెట్టి సూడుండ్రి సార్" అన్నాడు. లోపల ఇసుక నలుగుతున్నట్టుంది. అమ్మ అరికాళ్లకు తెలిసింది ఇదే!

"పాలమూరు దాకా పోవచ్చునా?" అని అడిగాను.

"పోవచ్చు, పోకపోవచ్చు. కారుల పిల్లలున్నరు గద సార్!"

ఆ మాటకు నా నోరు మూతపడింది. అరిగిన బేరింగు వేడెక్కి పట్టేసినా, చక్రం పట్టు సడలినా, కారు మన చేతిలో వుండదు. ఆ సంగతిని రెండు నెలలు పాటల కింద దాచిపెట్టినవాణ్ణి నేనే.

అతని దగ్గర ప్రెస్సు లేదు. "సుత్తితో కొట్టి ఎక్కించరాదా, త్వరగా పోతాము" అన్నాను. అతను నవ్వి, కొత్త బేరింగు చూపించాడు. బయట ఒక ఉక్కు వలయం, లోపల ఒకటి, నడుమ గోళీలు. బయటి వలయాన్ని కూర్చవలసినచోట లోపలి వలయంమీద దెబ్బ వేస్తే, ఆ దెబ్బ గోళీలమీదుగా పోయి గాడిలో గుంటలు పడతాయి. కంటికి కనపడవు గాని, నెల తిరక్కుండా పాతపాటే మొదలు. అంచేత చక్రం, బ్రేకు ఊడదీసి, బ్రేకు కాలిపరును గొట్టంమీద వేలాడనీయకుండా తీగతో కట్టి, హబ్బుతోసహా ఆ భాగాన్ని ప్రెస్సు వున్నచోటికి కుర్రాడితో పంపించాడు. ఇరుసుకు కొత్త నట్టు వేసి, కారును కిందకు దించిన తరువాత కొలత పానాతో లెక్కప్రకారం బిగించాడు. మొత్తం నాలుగు గంటలు.

పాతదాన్ని విప్పి చూపాడు. వాగునీరు చొరబడి, గ్రీజు పాలవిరుగులా తెల్లబడింది. గాడినిండా మశూచి మచ్చలు. ఈ బేరింగు మూత వేసి వస్తుంది గనుక, మళ్లీ గ్రీజు పెట్టి బాగుచేసే వీలులేదు, మార్చవలసిందే.

బండి ఇరుసుకు గోళీల బేరింగు అమర్చడానికి వేల్సు దేశపు ఫిలిప్ వాన్ అనే ఆయన 1794లోనే పేటెంటు పొందాడు. అమ్మకు ఆ చరిత్రతో పనిలేదు. "కొత్తదాంట్ల ఏం పూసిన్రు? ఆముదమేనా?" అని అడిగింది. వాళ్ల నాయన గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి బండికింద కట్టేవాడట. నల్లగొండ, పాలమూరు చెల్కలంటే ఒకప్పుడు ఆముదపు చేలే. తరువాత చాలాచోట్ల పత్తి వచ్చింది. నేనూ, ఉస్తాదూ ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నాము.

ఇంటికి వచ్చి చదివితే నా నవ్వు ఆగిపోయింది. బేరింగులలో విరివిగా వాడే లిథియం గ్రీజును చిక్కబరిచే పదార్థం తయారయ్యేది ఆముదంనుంచేనట! మొదటి ప్రపంచయుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలకూ కందెన ఆముదమే.

ఆ సంగతి అమ్మకు చెప్పాను. "మరి నేనేమంటిని?" అన్నది.

ఇప్పుడు ఊరు దాటిన తరువాత ఒక మైలుదూరం రేడియో పెట్టను. అమ్మ చెప్పులు విప్పి కూచుంటుంది. ఆమె ఏమీ అనకపోతే, అప్పుడు పాట పెడతాము.