భయము గొల్పు కొండలు

మన సోదరీమణులు వ్రాయు కథలలో కొండ వచ్చినచో "మహోన్నతము" అనియు, అడవి వచ్చినచో "అతిభయంకరము" అనియు ఉండక తప్పదు. ఈ విశేషణములు చదివి ఎవ్వరును ఉలికిపడినట్లు కానరాదు.

ఆంగ్లమున గోథిక్ నవలలని ఒక తెగ కలదు. పాడుపడిన కోటలు, తుపానులు, చెఱబడిన కన్నెలు వాని సామగ్రి. 1764లో హొరేస్ వాల్పోల్ వ్రాసిన ఒట్రాంటో కోట కథతో ఇవి మొదలైనవి. ఆ కథలకు కొండలను, లోయలను తెచ్చి పెద్దపీట వేసినది ఆన్ రాడ్‌క్లిఫ్ అను స్త్రీ. 1794లో అచ్చయిన 'ఉడాల్ఫో రహస్యములు' అను నవలలో ఆమె ఇటలీ పర్వతములను పుటలకొలది వర్ణించినది. చిత్రమేమనగా, ఆమె ఇటలీని కన్నులార చూచి యెఱుగదు! యాత్రాగ్రంథములు, చిత్రపటములే ఆధారములు. ఇల్లు కదలుటకు వీలుచిక్కని వారికి ఇది కొంత ధైర్యమిచ్చు సంగతి.

తలిదండ్రులను పోగొట్టుకొన్న ఎమిలీని మేనత్త మగడు మొంటోనీ తన కోటకు కొనిపోవుచున్నాడు. ప్రొద్దు క్రుంకినది. లోయ ముందుగా చీకటిలో మునిగినది. వెలుతురు బురుజుల కొనలయందు కొంతసేపు నిలిచి, అదియు ఆరిపోయినది. కోట ఇంత పెద్దదని రచయిత్రి లెక్క చెప్పలేదు. అంచులు కానరాకుండ చేసి, కొలుచుట మనకు విడిచినది. అస్పష్టత భయమును హెచ్చించునని ఎడ్మండ్ బర్క్ 1757లోనే వ్రాసెను. తరువాత ఆ కోటలోనే ఆస్తికై నిర్బంధము. అప్పటికి కొండలే గోడలైనవి.

మన ప్రబంధములకు 18 వర్ణనలు విధించిరి, పర్వత మందొకటి. పెద్దన మనుచరిత్రములో ప్రవరుడు పాదలేపము పూసికొని హిమాలయమునకు పోయి, వింతలన్నియు తనివితీర చూచును. లేపము మంచున కరగిపోయినది. అదే కొండ, అవే సెలయేళ్లు. ఇల్లు చేరు త్రోవ మాత్రము లేదు. ఆ కొండ ఎంత పెద్దదో అతనికిని మనకును అప్పుడు గదా తెలిసినది! నా మట్టుకు రాడ్‌క్లిఫ్ వర్ణనలకంటె ఈ ఘట్టమే మిన్న. ఆమె సూర్యాస్తమయములు పది చదువునప్పటికి అన్నియు ఒక్కతీరుగనే తోచును.

మంచిర్యాల చదువరులకు ఇటలీతో పనియేమి? బొక్కలగుట్ట దాపున అడవిలో గాంధారికోట కలదు. నాయకపోడులు అచట జాతర చేయుదురు. జాతర సందడి వలదు. జనము మరలిపోయిన సాయంకాలమున గుట్టపై ఒంటిగా మిగిలిన పడుచును కథలో నిలుపుడు. కోట ఎత్తు చెప్పకుడు. క్రింద ఎండుటాకులపై అడుగుల చప్పుడు; తనవారిదో కాదో ఆమెకు తెలియదు. అంతవరకు వ్రాసి పంపుడు.