జేసీబీకి ముందున్న సంతకం
హైదరాబాద్ చెరువుల్లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కమిషనర్ గారికి,

2020 అక్టోబర్ 17 రాత్రి బార్కస్ పక్కనున్న గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఇలాంటివి మన వార్తల్లో ‘జలవిలయం’, ‘వరుణుడి ఆగ్రహం’ అవుతాయి. 2024 ఆగస్టు 24న తమ్మిడికుంట చెరువులో మీ సంస్థ చేసిన ఎన్ కన్వెన్షన్ హాలు కూల్చివేత టీవీల్లో ప్రత్యక్షంగా ప్రసారమైంది. వరద వార్తే, జేసీబీ వార్తే. చెరువు శిఖం భూమిని రిజిస్టర్ చేసిన సంతకం, అలుగును పూడుస్తుంటే ఊరుకున్న శాఖ మాత్రం వార్త కావు. దాంతో జనం కంటికి దోషి వాన, లేదా అప్పుచేసి అక్కడ గూడు కట్టుకున్నవాడు. ఇది అన్యాయం.

మీడియా ఏం రాయాలో చెప్పడం మీ పని కాదంటారు, నిజమే. కానీ విలేకరికి మీ నుంచి కూల్చివేత కబురే అందితే కూల్చివేతే వార్తవుతుంది. ప్రతి కూల్చివేత రోజునా ఆ చెరువు పాత గ్రామపటం, ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు, సర్వే నంబర్లు, అనుమతిచ్చిన శాఖ, తేదీ బయటపెట్టండి. కోర్టు కేసులున్నాయనే అభ్యంతరం నిలవదు: ప్రభుత్వ రికార్డు చూపడం తీర్పు చెప్పడం కాదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నాటిది; దాని కింద ఆ చెరువుపై ఎన్ని కేసులు పెట్టారో, అవి ఏ దశలో ఉన్నాయో కూడా అదే ప్రకటనలో చెప్పండి.

ఇట్లు,
బార్కస్ వాసి