ఆ మందు వాడుతుంటే ఈ మాత్ర చాలదు!

రాత్రి భోజనాలయ్యాక గ్లాసుడు నీళ్లతో ఓ మాత్ర. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అయినా, దుకాణంలో కొనే మాలా-డి అయినా అట్టకి 28. వాటిలో హార్మోను ఉండేవి 21, మిగతా 7 ఐరన్ బిళ్లలు. రోజూ మరచిపోకుండా వేసుకుంటే చాలు, బెంగ లేదనుకుంటారు ఇల్లాళ్లు. చాలావరకూ నిజమే. కానీ అదే ఇల్లాలికి క్షయ వచ్చి, మందులు మొదలుపెడితే?

మింగిన మాత్ర ఏదైనా పేగుల్లోంచి ముందుగా కాలేయానికే చేరుతుంది. ఒంట్లో సహజంగా ఉండే ఈస్ట్రోజెన్‌ని అలాగే మాత్రగా చేసి మింగితే అక్కడి ఎంజైములు చాలావరకూ విరగ్గొట్టేస్తాయి. 1938లో బెర్లిన్‌లోని షెరింగ్ కంపెనీలో ఇన్‌హోఫెన్, హోల్‌వెగ్ అనే శాస్త్రవేత్తలు ఆ అణువుకి ఇథినైల్ అనే చిన్న తోక తగిలించారు. అది కాలేయానికి ఓ పట్టాన కొరుకుడుపడలేదు! అందుకే ఇప్పుడు మాలా-డిలో ఆ హార్మోను 0.03 మిల్లీగ్రాములే ఉన్నా, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్‌తో కలిసి పని కానిచ్చేస్తుంది.

ఈ రెండూ రక్తంలో తిరుగుతుంటే మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి 'హార్మోన్లు సరిపడా ఉన్నాయిలే' అనుకుని అండాశయాలకి కబురు పంపడం తగ్గించేస్తుంది. అండం విడుదల కాదు. సొంతంగా తయారయ్యే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ కూడా తగ్గిపోతాయి. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టెరాన్ కూడా తగ్గుతుంది. మాత్రలు వాడే కొందరికి మొటిమలు తగ్గేది అందుకే.

ఇక క్షయ సంగతి. ఆర్నెల్ల చికిత్సలో కీలకమైన మందు రిఫాంపిసిన్. దాంతో మూత్రం ఎర్రగా వస్తుందని చాలామందికి తెలుసు. అది కాలేయంలో ఎంజైముల్ని పెంచేస్తుందన్న సంగతి మాత్రం అంతగా తెలియదు. తోక తగిలించిన హార్మోన్లని కూడా అవి చకచకా విరిచి బయటికి పంపేస్తాయి. రోజూ మాత్ర వేసుకుంటూనే గర్భం రావచ్చు. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌లతోనూ ఇదే తంటా. అలాగని అన్ని మందులకీ భయపడక్కర్లేదు. జ్వరానికో గొంతునొప్పికో రాసే అమాక్సిసిలిన్ ఈ ఎంజైముల జోలికి పోదు. మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపే వాంతైతే మాత్రం మరోటి వేసుకోవాలి.

క్షయ మందులు రాసేటప్పుడు గర్భనిరోధక మాత్రల సంగతి డాక్టరు అడక్కపోవచ్చు. పక్కన అత్తగారో మరిదో ఉంటే ఈమె నోరు విప్పకపోవచ్చు. అలాంటప్పుడు మాలా-డి అట్టని మందుల చీటీతోపాటు డాక్టరు చేతికిచ్చినా చాలు. కాపర్-టి పనితీరుకి రిఫాంపిసిన్ అడ్డురాదు. మూడు నెలలకోసారి చేసే ఇంజెక్షనూ అంతే. ఏది నప్పుతుందో డాక్టరే చెబుతారు. సొంతంగా రోజుకి రెండు మాత్రలు మింగేయడం మాత్రం పద్ధతి కాదు. క్షయ మందులు ఆపేశాక కూడా పెరిగిన ఎంజైములు మామూలు స్థాయికి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా వేరే జాగ్రత్త కొనసాగించాల్సిందే.