ఎద్దును కొంటే పళ్లు చూస్తాం, ఇల్లు కొంటే ఏం చూస్తున్నాం?

శనగలు అమ్ముడుపోయాయి. మిరప డబ్బు కొంత చేతికొచ్చింది. ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా మన సీమ పల్లెల్లో ఇళ్ల బేరాలు జరిగే కాలం. పిల్లల చదువుల కోసం కర్నూలుకో హైదరాబాదుకో వెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లు ఊళ్లో తాళం వేసి ఉన్న ఇల్లు అమ్ముకుంటారు. అన్నదమ్ముల భాగాల్లో ఇల్లు దక్కనివాడో, ఇన్నాళ్లూ అద్దె కొట్టంలో గడిపిన కౌలు రైతో దాన్ని కొంటాడు. కొత్త ఇల్లు కట్టే స్తోమత లేదు కాబట్టే పాతది కొంటున్నాడు. అలాంటివాడు ఇక్కడ దెబ్బ తింటే మళ్లీ లేవడం కష్టం. అందుకే ఈ నెల గిట్టుబాటు ధర సంగతి పక్కన పెట్టి ఇంటి సంగతి రాస్తున్నాను.

సంతలో ఎద్దును కొనేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటాం! పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం, కాడి మోసే మెడను తడిమి చూస్తాం. పాత ట్రాక్టరు కొనాలంటే మెకానిక్కును వెంటబెట్టుకుని పోతాం. అదే నాలుగు లక్షల ఇల్లయితే ఒక సాయంత్రం పోయి, టేకు ద్వారబంధం చూసి ముచ్చటపడి, వాస్తు చూపించి, బయానా చేతిలో పెట్టి వస్తాం. వాస్తు చూసిన పెద్దాయనకు తాంబూలంలో డబ్బు పెట్టి ఇస్తాం. అది ఎవరి నమ్మకం వారిది, నేను కాదనను. కానీ దూలం చూసేవాణ్ని ఎందుకు పిలవం?

నేనూ పిలవలేదు. 2012లో మా ఊళ్లోనే ఒక మట్టి మిద్దెను 3 లక్షలకు కొన్నాను. అందులో 2 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. గోడలు రెండడుగుల మందం, లోపల వేసవిలో కూడా చల్లదనం, అప్పుడే కొట్టించిన సున్నం. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ ఏడు రెండో వానకే నడిమింట్లో మట్టి రాలడం మొదలైంది. వడ్రంగిని పిలిచాను. ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కి, గోడలోకి దిగిన దూలం కొసలో స్క్రూడ్రైవరు గుచ్చాడు. అది పిడి దాకా దిగిపోయింది. "అన్నా, ఇది దూలం కాదు, చెదల పుట్ట. ఈ గదిలో పిల్లల్ని పండుకోబెట్టొద్దు" అన్నాడు. కప్పు మొత్తం దించి మళ్లీ వేయించడానికి 1 లక్షా 80 వేలు అయింది. పాత అప్పుకు నెలకు 4 వేల వడ్డీ కడుతూనే కొత్త అప్పు చేశాను. అయినా నేను అదృష్టవంతుణ్ణే. మట్టి రాలి నన్ను హెచ్చరించింది.

అందరికీ ఆ హెచ్చరిక అందదు. 2024 ఆగస్టులో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలంలో ఒక రాత్రి మట్టి మిద్దె కూలి, నిద్రలో ఉన్న ఒకే కుటుంబంలోని నలుగురు చనిపోయారు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, సీమలో ఎక్కడో ఒకచోట ఇలాంటి వార్త వినాల్సి వస్తోంది.

మిద్దె మీద ఎంత బరువుంది?

మట్టి మిద్దె చెడ్డ ఇల్లు కాదు. మన ఎండలకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. కానీ అది ఏటా సేవ కోరే ఇల్లు. పూర్వం వానలకు ముందు పైకెక్కి గడ్డి పీకి, ఎలుక బొక్కలు పూడ్చి, వాన నీరు నిలవకుండా వాలు సరిచేసి, చౌడు మట్టి పరిచేవారు. ఇంటివాళ్లు పట్నం పోయాక ఆ పని ఆగింది. లేదా ఎప్పుడో వచ్చి, కారుతోంది కదా అని పాత మట్టి తీయకుండా దాని మీదే కొత్త మట్టి పోయించి పోయారు.

లెక్క వేసి చూడండి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గది మీద అడుగు మందాన మట్టి ఉంటే అది 120 ఘనపుటడుగులు. ఘనపుటడుగు పొడి మట్టి సుమారు 45 కేజీలు తూగుతుంది. అంటే ఆ చిన్న గది కప్పు మీద 5 టన్నులకు పైనే. వానకు నానితే 6 టన్నులు దాటుతుంది. నిండా లోడెత్తిన రెండు ట్రాక్టరు ట్రాలీలను మంచం మీద నిలబెట్టినట్టు. దాన్ని మోస్తున్నది తాతల నాటి దూలం, దాని మీద పేర్చిన దంతెలు. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న: పైన మట్టి ఎంత మందం ఉంది? గునపంతో ఒకచోట తవ్వి కొలిస్తే తెలిసిపోతుంది.

రెండోది దూలం కొసలు. నడుమ గట్టిగా కనిపించే దూలం కూడా గోడలో దాగిన చోట పుచ్చి ఉంటుంది. తేమ చేరేదీ, చెద పట్టేదీ అక్కడే. ప్రతి దూలం రెండు కొసలూ తట్టి, గుచ్చి చూడాలి. గది నడుమ కొత్తగా ఒక గుంజ ఊతగా పెట్టి ఉంటే "ఇది ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు?" అని అడగాలి.

మూడోది గోడ. మన రాతి గోడల్లో చాలావాటికి లోపలి వరుస, బయటి వరుస వేరు. నడుమ మట్టీ చిన్న రాళ్లూ నింపి ఉంటారు. రెండు వరుసలనూ కలిపే అడ్డురాళ్లు సరిగా పెట్టకపోతే, నీరు దిగినకొద్దీ ఒక వరుస బయటికి ఉబ్బుతుంది. మేస్త్రీ గుండు వేలాడదీస్తే గోడకు పొట్ట వచ్చిందో లేదో నిమిషంలో తేలుతుంది. ఉబ్బిన గోడకు పైన సిమెంటు పూత పూసినంత మాత్రాన బలం రాదు. పైగా లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

నేల కింద, వీధిలో, పక్కింట్లో

నల్లరేగడి సంగతి మనకు ఒకరు చెప్పాలా? వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. చేలో జరిగేదే పునాది కిందా జరుగుతుంది. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే చీలికలు చాలాసార్లు అక్కడి నుంచి వచ్చేవే. చీలిక పాతదా, ఇంకా కదులుతోందా అన్నదే అసలు విషయం. దాని మీద అడ్డంగా సిమెంటు బొట్టు పెట్టి, తేదీ రాయండి. ఒక వానాకాలం గడిచేసరికి బొట్టు పగిలితే గోడ కదులుతున్నట్టే.

పాత ఇళ్లలో జొన్నలు దాచిన పాతరలు ఉండేవి. కొన్నింటిని సరిగా పూడ్చకుండానే పైన నాపరాళ్లు పరిచేశారు. నట్టింట బండ కుంగి ఉన్నా, నడుస్తుంటే డొల్ల చప్పుడు వచ్చినా ఊళ్లో ముసలివాళ్లను అడగండి. ఎవరింట్లో పాతర ఎక్కడుండేదో వాళ్లకు గుర్తుంటుంది.

వీధి వైపు కూడా చూడండి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయి చాలా ఊళ్లలో వీధి ఎత్తయింది, ఇల్లు పల్లమైంది. అలాంటి ఇంట్లో వాన నీరు, కాలువ నీరు గోడ మొదట్లో నిలుస్తాయి. మట్టితో కట్టిన గోడకు అంతకన్నా పెద్ద జబ్బు లేదు.

పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే పక్కింటాయనతోనూ మాట్లాడండి. ఆయన రేపు తన ఇల్లు పడగొట్టి కొత్తది లేపితే, ఆ గోడ మీద వాలిన మీ దూలాల గతి ఏమిటి?

సిమెంటు ఇల్లు కదా అని ధైర్యపడొద్దు

ముప్పై నలభై ఏళ్ల కింద కట్టిన స్లాబు ఇళ్లు కూడా ఇప్పుడు బేరానికి వస్తున్నాయి. ఆనాడు ఉప్పు నీళ్ల బోరుతో కాంక్రీటు కలిపిన ఇళ్లు తక్కువేం కాదు. ఆ ఉప్పు లోపలి కమ్మిని తింటుంది. తుప్పు పట్టిన కమ్మి ఉబ్బి, కింది నుంచి పెచ్చులు ఊడగొడుతుంది. స్లాబు అడుగున గోధుమ రంగు మరకలు, కమ్మి వెంబడి గీత గీసినట్టున్న చీలికలు దాని గుర్తులు. పొడవాటి కర్రతో తట్టుకుంటూ పోతే గట్టి చోట ఒక చప్పుడు, డొల్ల చోట ఇంకో చప్పుడు వస్తుంది. అమ్మకానికి ముందే పూసిన కొత్త పూతను, కొత్తగా దిగిన సీలింగును అనుమానంతోనే చూడండి.

ఇంకో మాట. మన చేతిలో డబ్బు ఆడేది ఎండాకాలంలో. ఇల్లు తన జబ్బు దాచుకునేదీ ఎండాకాలంలోనే. వీలైతే ఒక మంచి వాన పడ్డాక ఇంకోసారి పోయి చూడండి. వీలు కాకపోతే, వానొస్తే ఆ ఇంట్లో గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టేవారో ఇరుగుపొరుగు ఆడవాళ్లను అడగండి. వాళ్లకు తెలియనిది ఉండదు.

ఎవరిని పిలవాలి, ఏం రాయించుకోవాలి

పైన రాసినవి మనం చూడగలిగినవి. ఇవి చూసి అక్కడితో ఆగిపోవద్దు. రాయి, మట్టి పని తెలిసిన పాత మేస్త్రీని, వడ్రంగిని, లైసెన్సు ఉన్న సివిల్ ఇంజనీరును ముగ్గురినీ ఒకే రోజు ఆ ఇంటికి తీసుకుపోండి. అమ్మేవారి మనుషులను కాదు, మీ మనుషులను. ఇంజనీరు చేత కాగితం రాయించుకోండి. అందులో మూడు విషయాలు ఉండాలి: ఇప్పుడే ప్రమాదంగా ఉన్నవి ఏవి, బాగు చేయగలిగినవి ఏవి, దానికి ఎంత ఖర్చు. నోటిమాట బేరంలో పనికిరాదు, కాగితం పనికొస్తుంది.

పోయిన ఏడు మన సంఘంలోని ఒక కౌలు రైతు ఇదే పని చేశాడు. 4 లక్షల 50 వేలు చెప్పిన ఇంటికి తనిఖీ చేయించాడు. అయిదు దూలాల్లో రెండు పుచ్చిపోయాయి, వెనక గోడకు పొట్ట వచ్చింది. బాగుకు 1 లక్షా 20 వేలు అవుతుందని రాశారు. ఆ కాగితం చూపిస్తే అమ్మేవారు 90 వేలు తగ్గించారు. ముగ్గురి కూలీ, ఫీజు కలిపి అతనికైన ఖర్చు 5 వేలు దాటలేదు. ముందు దూలాలు మార్పించి, ఆ తర్వాతే ఇంట్లో పాలు పొంగించాడు.

బయానా ఇవ్వడానికి ముందే తనిఖీ జరగాలి. బేరం చేజారిపోతుందని భయమైతే, తనిఖీలో పెద్ద లోపం తేలితే బయానా తిరిగి ఇచ్చేస్తామని ఒప్పంద కాగితంలో ఒక్క వాక్యం రాయించుకోండి. చట్టం కూడా కొంత మన వైపు ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన పెద్ద లోపాన్ని అమ్మేవాడు కొనేవాడికి చెప్పాలి. అయితే అందులో ఒక మెలిక ఉంది. మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడికే కనిపించే లోపానికి అది వర్తించదు. కళ్లెదుట ఉన్న చీలికను చూడకుండా కొని, తర్వాత కోర్టుకు పోతే "నువ్వెందుకు చూసుకోలేదు?" అన్న ప్రశ్నే ఎదురవుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది

ఇదంతా రైతు జేబులోంచే పెట్టుకోవాలా? 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టులు పెట్టారు. రోడ్ల కొలతలు, బిల్లుల పనితోపాటు వాళ్లకు ఈ పని కూడా అప్పగించాలి. ఏటా మే నెలలో ఊళ్లోని మట్టి మిద్దెలను, పాత స్లాబు ఇళ్లను చూసి, ప్రమాదంగా ఉన్నవాటికి కాగితం ఇవ్వాలి. పాత ఇల్లు కొనే పేద రైతు అర్జీ పెట్టుకుంటే నామమాత్రపు రుసుముతో తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి. కొత్త ఇళ్లకు ఇచ్చినట్టే పాత కప్పు మార్చుకోవడానికీ సాయం ఇవ్వాలి. మిద్దె కూలాక నాయకులు వచ్చి పరిహారం చెక్కు ఇచ్చి పోతున్నారు. ఆ చెక్కులో పదో వంతు ముందే ఖర్చు పెడితే ఆ దూలం మారేది, ఆ పిల్లలు బతికేవారు. ఈ డిమాండ్లతో మండల కమిటీలు వానలకు ముందే ఎంపీడీవోలకు వినతిపత్రాలు ఇవ్వాలని కోరుతున్నాను.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. మన సంఘంలోనే మేస్త్రీ పని, వడ్రంగి పని తెలిసిన సభ్యులున్నారు. ప్రతి మండలంలో ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే, సభ్యుడెవరైనా పాత ఇల్లు బేరం చేసేటప్పుడు వెంట వెళ్లి చూడవచ్చు. పేర్లు మండల కార్యదర్శికి ఇవ్వండి.

ఇప్పటికే పాత మిద్దెల్లో ఉంటున్నవారికి ఒక్క మాట. వానలు రాకముందే ఈ నెలలో పైకెక్కి మట్టి మందం కొలవండి. పాతది తీయకుండా కొత్త మట్టి పోయకండి. ముసురు పట్టిన రాత్రి కప్పు నుంచి మట్టి రాలినా, దూలం కిర్రుమన్నా సామాన్ల కోసం చూడకుండా పిల్లల్నీ పెద్దల్నీ తీసుకుని బయటికి వచ్చేయండి. బడిలోనో బంధువులింట్లోనో ఆ రాత్రి గడపడంలో నామోషీ ఏమీ లేదు.