దఫ్తరులో పేరు

మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలోని కంపెనీల ద్వారాల వద్ద కాపలా ఉద్యోగాలు చేసేవారిలో మాజీ సైనికులు అనేకులు ఉన్నారు. లోనికి వెళ్ళే ప్రతి యువకుని గుర్తింపు కార్డును వారు పరిశీలిస్తారు. ఫొటో, పేరు సరిపోలితేనే దారి ఇస్తారు. అయితే ఆ పరిశీలించే మనిషి పేరు సైన్యం కాగితంలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకొక విధంగా ఉండటం మేము పలు కుటుంబాలలో చూశాము. ఈ నెల ఆ విషయమే ముచ్చటించదలచాము.

మన పేర్లు ఉర్దూ లిపిలో ఉన్నంతవరకు చిక్కు లేదు. ఇంగ్లీషులోకి మారేటప్పుడే తంటా. షేక్ అన్న మాట చివర ఒకరు హెచ్ అక్షరం చేరుస్తారు, మరొకరు చేర్చరు. ముహమ్మద్ అన్న శుభనామాన్ని 'ఎండీ' అని రెండక్షరాలకు కుదించటం మన జిల్లాలలో పాత అలవాటు. ఎస్.కె. మస్తాన్ అని వ్రాసి ఉంటే తెలుగువాడు షేక్ మస్తాన్ అని చదువుకుంటాడు. ఉత్తరాది గుమాస్తా మాత్రం ఎస్ ఎవరు, కె ఎవరు అని అడుగుతాడు. అతని తప్పేమీ లేదు. స్త్రీల పేర్లది మరీ విచిత్రం. పుట్టింట బీబీ, అత్తింట బేగం, రేషన్ కార్డులో ఉత్త 'బీ'. పెళ్ళి సెలవు ముగించుకొని యూనిట్‌కు తిరిగి వెళ్ళిన జవాను నోటితో చెప్పిన పేరును అక్కడివారు తమకు వినిపించినట్లు వ్రాసుకున్నారు. ముప్పై ఏళ్ళు ఆ కాగితాన్ని ఎవరూ తిరిగి చూడలేదు.

సైనికుడు జీవించి ఉన్నంతకాలం ఈ పొరపాటు నిద్రపోతూనే ఉంటుంది. పెన్షన్ నెలనెలా వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆయన కన్నుమూసిన తరువాత అది మేల్కొంటుంది. అప్పుడు దానిని ఎదుర్కోవలసింది ఇద్దత్‌లో కూర్చున్న ఆయన భార్య. నలభై ఏళ్ళు కాపురం చేసిన స్త్రీ, తానే ఆ కాగితంలోని స్త్రీనని నిరూపించుకోవాలి. కొన్ని పాత పెన్షన్ ఉత్తర్వులలోనైతే భార్య పేరే కనిపించదు.

పుట్టినతేదీ సంగతి కూడా చిన్నది కాదు. కుటుంబ పెన్షన్ పొందే స్త్రీకి 80 ఏళ్ళు నిండితే మూల పెన్షన్‌పై 20 శాతం అదనంగా రావాలి. 85 ఏళ్ళకు 30 శాతం, 90కి 40, 95కు 50, నూరేళ్ళకు నూరు శాతం. ఆమె పుట్టినతేదీ దఫ్తరులో లేకపోయినా, ఐదేళ్ళు చిన్నదిగా పడినా, ఆ సొమ్ము వేళకు రాదు. జనవరి 1న పుట్టినట్లు ఆధార్ కార్డులున్న పెద్దలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. తేదీ తెలియనివారికి ఆ తేదీనే వేశారు.

పూర్వం బ్యాంకులోని ఉద్యోగికి పెన్షనుదారు ముఖం తెలుసు, ఒక అక్షరం తేడాను చూసీ చూడనట్లు పోనిచ్చేవాడు. ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్లు స్పర్శ్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి మారాయి. యంత్రానికి ముఖపరిచయం ఉండదు.

దిద్దుబాటుకు మూలస్థానం ఆ సైనికుని రికార్డు ఆఫీసు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందినవారి రికార్డులు నాసిక్ రోడ్‌లో ఉంటాయి. ఈఎంఈ, ఆర్డినెన్స్ విభాగాలవారివి మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఉత్తర్వు, ఆధార్, నికాహ్‌నామా ప్రతులు, ఇద్దరు వ్యక్తులూ ఒక్కరేనని తెలిపే అఫిడవిట్ జతపరచి దరఖాస్తు పంపాలి. అక్కడ అంగీకరించిన తరువాత ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయం సవరణ ఉత్తర్వు ఇస్తుంది. దరఖాస్తు వ్రాయటం తెలియనివారికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం తోడ్పడుతుంది.

ఒక్క హెచ్చరిక. తొందరపడి ముందే ఆధార్ కేంద్రానికి పరుగెత్తవద్దు. ఆధార్‌లో పేరు మార్చుకొనే వీలు జీవితంలో రెండుసార్లు, పుట్టినతేదీకి సాధారణంగా ఒక్కసారే. ఏ కాగితం సరైనదో ఇంట్లో తేల్చుకొన్న తరువాతే కదలాలి.

సైనికుని సొంత పుట్టినతేదీని మార్చటం మాత్రం అతి కష్టం. జనరల్ వి.కె. సింగ్ సైన్యాధ్యక్షునిగా ఉండగానే ఆయన పుట్టిన సంవత్సరం ఒక విభాగంలో 1951గా, మరొక విభాగంలో 1950గా ఉన్నది. ఆయన సుప్రీంకోర్టు మెట్లెక్కి, 2012 ఫిబ్రవరిలో పిటిషన్ ఉపసంహరించుకొన్నారు. చేరేనాడు నింపిన దరఖాస్తులోని ఒక్క అంకె, సైన్యాధ్యక్షుని స్థానం వరకు ఆయనను వెంబడించింది. కనుక వయస్సు విషయంలో ఉన్నదానిని ఉన్నట్లు నిరూపించుకోవటమే పని. లాభం కోసం తేదీ జరపటానికి ఈ దారిని వాడుకోవాలనుకొనేవారికి మేము సలహా ఇవ్వము.

హజ్రత్ ఉమర్ (రజి) సైనికుల భృతి కోసం దీవాన్ ఏర్పరచినప్పుడు, దానిని వ్రాయటానికి అఖీల్ బిన్ అబూ తాలిబ్, మఖ్రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌యిమ్‌లను నియమించారు. ముగ్గురూ వంశావళులు ఎరిగినవారు. ఎవరు ఎవరి కుమారుడో తెలిసినవారి చేతికి ఆయన కలమిచ్చారు. మన ఇళ్ళలో నేడు ఆ ఎరుక ముసలి తండ్రి వద్ద ఉన్నది, కంప్యూటర్ కుమారుని వద్ద ఉన్నది. హైటెక్ సిటీలో పరదేశపు కంపెనీల లెక్కలు సరిచేసే కుమారుడు, తండ్రి ఇనుప పెట్టెలోని డిశ్చార్జి బుక్కును ఒక్కసారైనా తెరిచి చూశాడా? ఒక ఆదివారం జొహర్ తరువాత ఇద్దరూ కూర్చుంటే చాలు. పెట్టెలోని ప్రతి కాగితంలో తల్లి పేరు ఎలా ఉన్నదో ఒక తెల్లకాగితంపై వరుసగా వ్రాసుకోండి. ఆమెను కూడా పిలవండి. తన పేరు ఏదో ఆమెనే అడగండి, చాలా ఇళ్ళలో ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నికాహ్ చదివించే మా సోదరులకు కూడా ఒక విన్నపం. సియాహాలో వధువు పేరును ఉర్దూలో వ్రాయటంతో ఆగక, పక్కన ఇంగ్లీషు అక్షరాలను ఆమె పదవ తరగతి సర్టిఫికెట్ చూసి దించండి. వరుని స్నేహితుడు పక్కనుండి చెప్పే వర్ణక్రమాన్ని నమ్మవద్దు. దావత్‌కు ఆలస్యమైతే కానివ్వండి.