మిషన్ కొంటే సరిపోతుందా? ఐ.పోలవరం రొయ్యకు ఎలాంటి ల్యాబ్ కావాలి?

ఐ.పోలవరం: రొయ్యల చెరువులో చెక్ ట్రే పైకి తీస్తే రైతుకి సగం సంగతి తెలిసిపోతుంది. మేత మిగిలిందంటే ఏదో తేడా కొట్టిందని అర్థం. ఆ తేడా ఏంటో చెప్పాల్సింది మాత్రం ల్యాబే. పేరులోనే ‘ఐలాండ్’ ఉన్న ఐ.పోలవరం మండలంలో ఆ ల్యాబ్ ఎంత దూరంలో ఉందనేదే లక్షల రూపాయల ప్రశ్న. వెనామీకి తెల్లమచ్చ వైరస్ సోకితే 3 నుంచి 10 రోజుల్లోనే చెరువు మొత్తం ఖాళీ అయిపోవచ్చు. రిపోర్టు నాలుగో రోజు చేతికొస్తే అది పోస్టుమార్టమే.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకంటే.. అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి భారత సరకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికానే. ఆ దెబ్బతో ఎగుమతిదారుల చూపు యూరప్ వైపు మళ్లింది. సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మరో 102 భారతీయ యూనిట్లకు అనుమతి ఇచ్చింది కూడా. తలుపు తెరుచుకుంది సరే, గడప మాత్రం చాలా ఎత్తు. 2016 నుంచి మన రొయ్యల కంటైనర్లలో సగానికి అక్కడ శాంపిల్ తీస్తున్నారు. నిషేధిత నైట్రోఫ్యూరాన్ల విషయంలో గీత కిలోకి 0.5 మైక్రోగ్రాములు. అంటే వెయ్యి టన్నుల రొయ్యలో అర గ్రాము! అది దాటితే సరకు వెనక్కే.

అందుకే కొత్త ల్యాబ్ అనే మాట రాగానే అందరి నోటా వినిపించేది పెద్ద మిషన్ పేరే. యాంటీబయోటిక్ అవశేషాలను ఖాయంగా తేల్చేది ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్. దాని ఖరీదు కోట్లలోనే ఉంటుంది. 24 గంటల కరెంటు, ఏసీ గది, గ్యాస్ సరఫరా, దాన్ని నడపగల అనలిస్టు ఉండాలి. భీమవరంలోని ఎంపెడా ల్యాబ్ లాంటి చోట దానికి అర్థం ఉంది. మండలంలో అలాంటిది పెడితే కవర్ కప్పుకుని కూర్చుంటుంది, అంతే సంగతులు.

ఇక్కడి రైతుకి రోజూ అవసరమయ్యేవి వేరు. నీళ్లలో ఉప్పు శాతం, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూడాలి. తర్వాత విబ్రియో ప్లేట్. ‘గ్రీన్ కాలనీలు ఎన్ని వచ్చాయి, ఎల్లో ఎన్ని వచ్చాయి’ అని రైతులే అడుగుతారు. దీనికి కావాల్సింది మంచి మైక్రోస్కోప్, స్పెక్ట్రోఫొటోమీటర్, ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, లామినార్ ఫ్లో. వీటిలో ఏదీ వార్తల్లోకెక్కే మిషన్ కాదు. చెరువును కాపాడేవి మాత్రం ఇవే.

వీటి మీద ఒక పీసీఆర్. దీని అసలు ఉపయోగం జబ్బు వచ్చాక కాదు, సీడ్ వేయకముందు. ఈహెచ్‌పీ సోకిన సీడ్ వేస్తే రొయ్య చావదు, పెరగదు. మేత తింటూనే ఉంటుంది, కౌంట్ మాత్రం రాదు. దానికి మందు లేదు. హేచరీ నుంచి వచ్చిన సీడ్‌ను చెరువులో పోయకముందే పరీక్షించగలిగితే పంట ఖర్చు మొత్తం మిగిలినట్టే. అయితే పీసీఆర్‌కి ఒక్క గది చాలదు. డీఎన్‌ఏ తీసే చోటు, మిషన్ పెట్టే చోటు వేర్వేరుగా ఉండాలి. లేదంటే నిన్నటి శాంపిల్ మరక అంటుకుని ఇవాళ్టి మంచి సీడ్‌కి కూడా ‘పాజిటివ్’ వచ్చేస్తుంది.

అసలు మెలిక టెండర్‌లో ఉంటుంది. జెమ్ పోర్టల్‌లో స్పెసిఫికేషన్ పెడతారు. దానికి సరిపోయిన వాళ్లలో తక్కువ ధర కోట్ చేసినవాళ్లకి ఆర్డర్ వెళ్తుంది. ఇక్కడ తక్కువ అంటే మిషన్ ధర. ఐదేళ్ల కిట్ల ధర దానిలో కలిపి చూడకపోతే చవగ్గా వచ్చిన మిషనే ఖరీదైపోతుంది. కోవిడ్ సమయంలో రాష్ట్రంలో బాగా వాడిన ట్రూనాట్‌నే చూడండి. త్వరగా ఫలితం ఇచ్చే మంచి మిషనే. కానీ దాని చిప్‌లు ఆ కంపెనీవే వాడాలి. ఇలాంటి ‘క్లోజ్డ్ సిస్టం’ తీసుకుంటే కిట్ రేటు ఎంత చెబితే అంత. అందుకే కిట్ల రేటు కూడా మొదటి బిడ్‌లోనే రాయించుకోవాలి.

2020 ఏప్రిల్‌లో జరిగింది ఇంకో పాఠం. కొరియా కంపెనీ ర్యాపిడ్ కిట్లను ఏపీ రూ.730కి ఆర్డర్ చేస్తే, ఛత్తీస్‌గఢ్‌కి రూ.337కే దొరికాయని పెద్ద దుమారమే రేగింది. ఇంకెక్కడైనా తక్కువకి ఇస్తే తామూ అంతే చెల్లిస్తామన్న షరతు ఆర్డర్‌లో ఉందని ప్రభుత్వం చెప్పింది. ఆ ఒక్క లైన్ విలువ ఎంతో అప్పుడు తెలిసింది.

2025 జూన్‌లో కేంద్రం శాస్త్రీయ పరికరాల కొనుగోళ్ల నిబంధనలు సడలించింది. కానీ ఆ వెసులుబాటు ప్రధానంగా కేంద్ర పరిశోధన సంస్థలకే. మండల స్థాయి ల్యాబ్‌కి పాత దారే దిక్కు.

రాష్ట్రానికి ఈ ప్రయోగం కొత్త కాదు. 2021 జూలై 8న రైతు దినోత్సవం రోజు అప్పటి ప్రభుత్వం నియోజకవర్గ స్థాయి అగ్రి ల్యాబులు ప్రారంభించింది. తీర ప్రాంతాల్లో ఆక్వా పరీక్షలనూ వాటిలో కలిపింది. ఆలోచన మంచిదే. అయితే ప్రారంభోత్సవం ఫొటోలో భవనం, మిషన్లు కనిపిస్తాయి. కిట్లు అయిపోతే ఎవరు తెప్పిస్తారు, టెక్నీషియన్ సెలవు పెడితే ఎవరు చూస్తారు అనేవి ఫొటోకి అందవు. ఆ ఖాళీలోకి దూరేది ప్రైవేటు. చాలాచోట్ల ‘ఉచిత పరీక్ష’ మందుల షాపు వెనక గదిలోనే జరుగుతుంది. రిపోర్టు ఉచితం, దాని మీద రాసే మందులు కాదు. అవసరం లేని మందు చెరువులోకి వెళ్లే దారి కూడా ఇదే.

ఐ.పోలవరానికి ఇంకో చిక్కు ఉంది. పక్కనే గోదావరి, ఆపైన సముద్రం. ఉప్పుగాలికి ఎలక్ట్రానిక్ బోర్డులు త్వరగా తుప్పు పడతాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి కోనసీమ లంకలు మునిగాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర్లో మొంథా తుపాను తీరం దాటింది. తుపానంటే ముందు పోయేది కరెంటే. ఫ్రీజర్ ఆగితే మైనస్ 20 డిగ్రీల్లో ఉండాల్సిన కిట్లు పాడవుతాయి. కాబట్టి కొనుగోలు జాబితాలో జనరేటర్, యూపీఎస్ చివర్లో కాదు, మొదట్లోనే ఉండాలి. ల్యాబ్ పై అంతస్తులో ఉండాలి.

అప్పటిదాకా పెద్ద పరీక్షలకు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ వెళ్లడమే. అక్కడ రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, సిఫ్ట్ ఉంది. మండలంలో శాంపిల్ సరిగ్గా తీసి, ఆల్కహాల్‌లో భద్రపరిచి పంపే మనిషి ఒక్కరున్నా సగం పని అయినట్టే.

వేసవి పంటకు సీడ్ పడేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. టెండర్, డెలివరీ, ఇన్‌స్టలేషన్, ట్రైనింగ్ అన్నీ పూర్తయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. సీడ్ సంచులు గట్టు మీదకి వచ్చేనాటికి పీసీఆర్ తిరగాలంటే స్పెసిఫికేషన్ల కాగితం అంతకు చాలా ముందే సిద్ధం కావాలి. అది రాసేటప్పుడు టేబుల్ దగ్గర ఇంజినీరుతో పాటు చెరువు రైతు కూడా ఒకరు కూర్చోవాలి.